రెండుసార్లు పడ్డ టీకా

నరసాపురంలో మా ఇంట్లో అద్దెకుండే బిహారు అమ్మాయి రేఖ, ఊరు మారేటప్పుడు బిడ్డ టీకాల కార్డు పోగొట్టుకుంది.

"మళ్లీ మొదట్నించీ వేయాల. ఏమీ కాదులేమ్మా" అంది ఇంటికొచ్చిన నర్సమ్మ.

రేఖ బిడ్డతో గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. "వేసిందే మళ్లీ వేస్తే బిడ్డ చచ్చిపోతాది ఆంటీ!" అని లోపల ఒకటే ఏడుపు.

విసిగిపోయి నర్సమ్మ బయల్దేరబోయింది. నేను కిటికీ దగ్గరికెళ్లి రవిక చెయ్యి పైకి మడిచాను.

"ఈ రెండు మచ్చలు చూడమ్మా. మాయమ్మ కూలికి పోయిన ఊర్లో నాకు అమ్మవారి టీకా, అదే మశూచి టీకా, వేసినారు, ఇంటికొస్తే మళ్లీ వేసినారు. నేను సచ్చినానా?"

కాసేపటికి గడియ తీసింది. సూది పడగానే బిడ్డ కెవ్వుమంది, రేఖ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు టీకా వేసినప్పుడు చదువురాని మా అమ్మ, పరాయి ఊళ్లో ఎవరి చెయ్యి పట్టుకుందో!