పీరు ఆగిన చోట వాగు

దయ్యాలనూ పూనకాలనూ నేనెన్నడూ నమ్మలేదు. పూనకం వచ్చినవాళ్లను చూస్తే నవ్వొచ్చేది. సైట్ ఇంజనీరుని, టేపుతో కొలవలేనిదాన్ని లెక్కలోకి తీసుకోను.

వనపర్తిలో ఒక పాత వాగుంది. ఎప్పుడో దాని మీద స్లాబు వేసి, పైన రోడ్డు, దుకాణాలు కట్టేశారు. దాన్ని మళ్లీ పైకి తెచ్చే పని మాకు వచ్చింది. పాత నక్షా ప్రకారం వాగు రహమత్ బీ ఇంటి కింద నుంచే పోవాలి. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఆ ఇల్లు తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. గోడ మీద ఎర్ర గుర్తు నేనే వేయించాను. ఆమె తిట్టలేదు. చాయ్ ఇచ్చి, "పండుగ అయినంక కూలగొట్టుండ్రి సార్" అంది. ఆ చాయ్ సగంలోనే వదిలేసి లేచాను.

పండుగంటే పీర్ల పండుగ. మా వైపు హిందువులూ ముస్లింలూ కలిసే చేస్తారు. చివరి రోజు, పొడుగు కర్రలకు కట్టి ఊరేగించే లోహపు పీర్లను వాగులో కడగడం ఆనవాయితీ. వాగు మూసేశాక ట్యాంకర్ నీళ్లతో కానిస్తున్నారు. ఆ మధ్యాహ్నం పని ఆపి, రోడ్డు పక్కన చూస్తూ నిలబడ్డాను. పీరు ఎత్తుకున్నాయన ఎండకు కళ్లు తిరిగి తూలాడు. పీరు నేల మీద పడకూడదని అందరూ అరుస్తుంటే పక్కనే ఉన్న నేను కర్ర పట్టుకున్నాను.

ట్యాంకర్ కుడివైపుంది. నా కాళ్లు ఎడమవైపు పోయాయి. ఆగాలని చూశాను, నిజంగా చూశాను. రహమత్ బీ ఇల్లు దాటి, అవతల చెత్త పోసే జాగాలో ఆగిపోయాను. ఎంత లాగినా కర్ర కదల్లేదు. చివరికి బిందెలతో నీళ్లు అక్కడికే తెచ్చి కడిగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు, ఎందుకో చెప్పలేను, ఆ చోటే తవ్వించాను. చెత్త కింద స్లాబు, స్లాబు కింద రాతి మెట్లు, వాటిని ఒరుసుకుంటూ నల్లగా పారుతున్న నీళ్లు. వాగు ఆమె ఇంటి కింద లేనే లేదు. నక్షా గీసినవాళ్లు పొరబడ్డారని సరిపెట్టుకున్నాను. గోడ మీది గుర్తు చెరిపేస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఊరేగింపు రోజు మా మేస్త్రీ తీసిన వీడియోను ఆమెకు సరదాగా చూపించాను. ఆమె చాలాసేపు చూసింది.

"నువ్వు గిట్ల నడువవు గద బిడ్డా. ఎడమ కాలు ఈడ్చుకుంట మా ఆయన నడిచేటోడు. వాగు మూసేదాంక పీరు ఆయనే ఎత్తేటోడంట, మా లగ్గం కాకముందు."

నా కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి. వీడియోలో మాత్రం ఎడమ కాలు ఈడుస్తూనే ఉన్నాను. ఆయన్ని నేను ఎన్నడూ చూడలేదు. అదెలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

వీడియో తనకు పంపమంది, పంపాను. సాయంత్రాలు గడప మీద కూర్చుని దాన్నే చూసుకుంటుందట. నేనిప్పుడు ఆ వీధిలో బండి దిగను. ఆమె చూస్తుండగా నడవాలంటే నాకు భయం.