గురువారం దయ్యం

దయ్యాల మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, అక్కడో దయ్యాన్ని కూర్చోబెట్టేవాడు. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం ఆయన పని. మోటారు ఎందుకు కాలిందంటే అందరిలా కరెంటు మీద నెపం పెట్టడు. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "లోపల ఎవరో ఉన్నారు" అనేవాడు.

"ఎవరండీ?" అని బేరగాడు గుటకలు మింగేవాడు.

"నన్నడిగితే? నీ మోటారు, నీ మనిషి."

చెల్లెలి ఇంటికొచ్చినా అంతే. ఖాళీ కుర్చీ ముందు నిలబడి "కాస్త జరుగు తల్లీ" అని, అది జరిగేదాకా ఆగి, అప్పుడు కూర్చునేవాడు.

"ఎవరు మావయ్య గారూ అక్కడ?" అని చెల్లెలి కోడలు నవ్వు ఆపుకుంటూ అడిగేది.

"నిన్నటావిడే. పాపం, మోకాళ్ల నొప్పులు."

కోడలు దర్జీ పని చేస్తుంది. వీధి గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, ఆయన వెళ్లాక ఆ కుర్చీని ఓరకంట చూసుకునేది. నవ్వు నవ్వే, భయం భయమే.

అయితే ఆయన దయ్యాలన్నిట్లోకీ పేరు తెచ్చుకున్నది గురువారం దయ్యం. ఆసుపత్రి వెనక సందులో తిరుగుతుందట. గురువారం మధ్యాహ్నం తప్ప మరెప్పుడూ కనిపించదట.

"మిగతా రోజులు సెలవా దానికి?" అని కిరాణా కొట్టాయన వెక్కిరించాడు. సందు మొదట్లో అరుగు మీద రోజూ పేకాట పెట్టేది ఆయనే. ఊళ్లో అందరికంటే పెద్ద గొంతు కూడా ఆయనదే.

"మిగతా రోజులు వేరే ఊళ్లు చూసుకోవాలిగా."

"ఎలా ఉంటుందేం?"

"తల నుంచి కాళ్ల దాకా ముసుగు. మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. గోడకు ఆనుకుని నడుస్తుంది. పలకరిస్తే మాత్రం..."

"ఆ, మాత్రం?"

"పలకరించినవాళ్లెవరూ చెప్పడానికి మిగల్లేదురా."

అందరూ పడీ పడీ నవ్వారు. కానీ ఆ తర్వాత ఓ గురువారం పేకాటలో ఒకడు ఆ సందులోకి తొంగిచూసి, ముక్కలు అక్కడే పారేసి పరిగెత్తాడు. ఇంకో వారం ఇంకొకడికి కనిపించింది. పొడుగ్గా ఉందని ఒకడంటే, పొట్టిగా బొద్దుగా ఉందని మరొకడు. దగ్గుతోందని కూడా ఒకడు ఒట్టేసి చెప్పాడు. గురువారం మధ్యాహ్నం అరుగు ఖాళీ అయిపోయింది. "చూశారా, వారానికో సైజు!" అని మావయ్య కన్నకూతురి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే కోడలికి నిద్ర పట్టడం మానేసింది. ఇదీ కారణం అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. తిండి ఉంది, పని ఉంది, మొగుడు మంచివాడే. అయినా గుండెలో ఏదో దడ, కళ్లు మూస్తే మిషను చప్పుడు. టకటక టకటకమని ఎవరో తొక్కుతున్నట్టే ఉండేది. లేచి వెళ్లి చూస్తే పెడలు కదలకుండా ఉండేది, చక్రం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలేది. వెనక్కి వచ్చి పడుకోగానే మళ్లీ టకటక. ఒకసారి ఒకే జాకెట్టుకు రెండూ కుడిచేతులే కుట్టేసింది. గుడ్డ ఇచ్చినావిడ నవ్వేసి పోయింది గానీ, ఈ పిల్ల తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తగారికి చెబితే ఆవిడ మొహం పాలిపోయింది. "బయట అనకే. పిచ్చిదన్నారంటే మన గడప ఎవడూ తొక్కడు. నీ చెల్లెలికి సంబంధాలు కూడా రావు."

జాకెట్టు కొలతలిస్తూ ఆసుపత్రి నర్సమ్మ చల్లగా చెప్పింది. మనసు డాక్టరు గురువారం గురువారం వస్తాడట, వెనక గదిలో కూర్చుంటాడట. ముందు గేటు నుంచి వెళ్తే ఊరంతా చూస్తుంది. వెనక సందులోంచి వెళ్తే దయ్యం చూస్తుంది. కోడలు బాగా ఆలోచించింది. దయ్యం చూసినా ఎవరికీ చెప్పదు కదా!

దారం కొనుక్కొస్తానని ఇంట్లో చెప్పి, దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరింది. తన చెప్పు తెగితే, గుమ్మంలో ఉన్న అత్తగారి పాత చెప్పులు తొడుక్కుంది. ఆవిడ అంతకుముందే కొత్తవి వేసుకుని ఎక్కడికో వెళ్లింది.

సందులో ఒకవైపు ఆసుపత్రి గోడ, ఒకవైపు మూతపడ్డ గోడౌను గోడ. ఎండ నడినెత్తిన ఉన్నా కిందికి దిగడం లేదు. విరిగిన ఇనప మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తన అడుగు చప్పుడే గోడకు తగిలి వెనక నుంచి వస్తోంది. చంకలో దుప్పటి తీసి ముసుగు బిగించుకుంది. అప్పుడు మొదలైంది చెవిలో టకటక. ఎక్కడో నీళ్ల ట్యాంకు కారుతున్న చప్పుడా, తన మిషనేనా, తేల్చుకోలేకపోయింది.

గోడ పక్కన అది నిలబడి ఉంది.

తల నుంచి కాళ్ల దాకా తెల్లటి ముసుగు. కోడలు ఆగింది. అదీ ఆగింది. పారిపోదామని వెనక్కి తిరిగితే, మలుపులో ఇంకొకటి. దానిది నల్ల కంబళి. అదీ కొయ్యబారినట్టు నిలబడిపోయింది. ముందున్న దానికి మొహం లేదు, వెనకున్న దానికీ లేదు.

తెల్లటిది మెల్లగా వంగి కోడలి కాళ్లకేసి చూసింది. ఒక అడుగు వేసింది. మరో అడుగు వేసింది. ముసుగులోంచి బొంగురు గొంతు.

"ఆ చెప్పులు... ఎక్కడివి?"

కోడలు ఒక్కడుగు వెనక్కి వేసింది. "మా... మా అత్తగారివి."

"అడక్కుండా తొడుక్కొచ్చావటే!"

దయ్యాలు మాట్లాడుకోవడం విని వెనకున్న నల్లది కెవ్వుమంది. కంబళి వదిలేసి, ఒక్క పరుగున మలుపు తిరిగి మాయమైంది. ఆ కేక ఊళ్లో అందరికీ తెలిసిన పెద్ద గొంతే.

అత్తా కోడళ్లు ముసుగులు పైకెత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

"అత్తయ్యా, మీరా?"

"నేనే. అరవకు. లోపలికి పద."

వెనక గదిలో బల్లల నిండా ముసుగులే. ఫ్యాను గాలికి అంచులు కదులుతున్నాయి తప్ప ఒక్కరూ కదలడం లేదు. నర్సమ్మ తలుపు తీసి, "తర్వాతి దయ్యం రావాలి" అంది. మొదటి బల్ల మీద ఒక్కడే మనిషి, ముసుగు లేకుండా, కాలు మీద కాలు వేసుకుని టీ తాగుతున్నాడు.

"అన్నయ్యా! నువ్విక్కడేంటి?"

"మీ వదిన పోయాక ఇంట్లో ఆ ఖాళీ కుర్చీలు చూడలేక రావడం మొదలెట్టానే," అన్నాడు దయ్యాల మావయ్య. "ఓ వారం ఈ కిటికీలోంచి చూస్తే నువ్వు సందు మొదట నిలబడ్డావు. అరుగు మీద పేకాట వాళ్లను చూసి తిరిగి వెళ్లిపోయావు. మరుసటి వారమూ అంతే. వాళ్లను లెమ్మంటే లేస్తారా? అందుకని దయ్యాన్ని తోలాను."

"నాకు చెప్పొచ్చుగా!"

"నేను చూశానని తెలిస్తే మళ్లీ వచ్చేదానివా? అందుకే ఇన్నాళ్లూ నువ్వొచ్చేలోపే వెళ్లిపోయేవాణ్ని, ఇవాళ నువ్వే ముందొచ్చావు." అని ఆ బల్లల వంక చూసి గొంతు తగ్గించాడు. "నీ ఒక్కదానికోసం పెట్టిన దయ్యమే ఇది. ఇంతమంది చేరతారనుకోలేదు."

చెల్లెలు కళ్లు తుడుచుకుంటూనే అన్న వీపు మీద ఒక్కటి చరిచింది. ముసుగుల్లోంచి ఎవరో కిసుక్కుమన్నారు.

డాక్టరు కోడలి మాటంతా అడ్డు రాకుండా విన్నాడు. నిద్ర కరువైతే చెవులు అలాగే మోసం చేస్తాయని, ఇది నయమయ్యేదేనని చెప్పి, మందు రాసి, వచ్చే వారం కూడా వచ్చి మాట్లాడమన్నాడు. 'నయమయ్యేదే' అన్న మాట విన్నాక ఆ పిల్లకు అన్నాళ్లకు ఆకలేసింది.

అత్తగారు, మావయ్యలతో బయటికొస్తూ సందులో పడి ఉన్న నల్ల కంబళిని చేతిలోకి తీసుకుంది. సందు మొదట జనం మూగి ఉన్నారు. మధ్యలో కొట్టాయన రొప్పుతున్నాడు.

"అమ్మాయ్, దయ్యం కనిపించిందా?" అని ఎవరో అడిగారు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. మంచి దయ్యమొకటి నోటిదాకా వచ్చే ఉంటుంది. కోడలే ముందు నోరు విప్పింది.

"లేదు బాబాయ్, డాక్టరు కనిపించాడు. నాకు నిద్ర పట్టడం లేదు, లేని చప్పుళ్లు వినపడుతున్నాయి. మందిచ్చాడు."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, నేల చూపులు చూస్తూనే, "నేనూ అక్కడికే వెళ్తున్నాను, చాన్నాళ్లుగా," అంది.

కోడలు కంబళి చాపింది. "ఇది సందులో దొరికింది. ఎవరిదో మరి."

కొట్టాయన దానికేసి చెయ్యి చాపాడు. ఊళ్లోకెల్లా పెద్దదైన ఆ గొంతు దారమంత సన్నబడింది.

"నాదే. డాక్టరు గారు ఇంకా ఉన్నారా?"

"ఉన్నాడు, పద," అని మావయ్య ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. కొట్టాయన ముసుగు వేసుకోబోతే, "ఎండగా ఉందిరా, చంకన పెట్టుకో" అని కసిరాడు.

ఇద్దరూ సందులోకి నడిచారు. మలుపు దగ్గర కొట్టాయన ఆగాడు.

"లోపల జనం ఉన్నారా మావయ్యా?"

"ఊరంతా ఉన్నార్రా. జరిగి చోటిస్తార్లే, రా."