ఉద్దానంలో బతకడం దాచిన రోగం కాదు

మా సీనియర్ పోయారన్న కబురు నాకు టెక్కలి కోర్టు వరండాలో తెలిసింది. ఫోన్ చేసిన తోటి లాయరు కిడ్నీయేనని చెప్పి, "ఉద్దానం కదా" అన్నాడు, ఇక్కడ కిడ్నీలు పోవడం మామూలే అన్నట్టు. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఆ మాట మీదే ఆయన చివరి కేసు నడిచింది.

నౌపడ ఉప్పుమళ్లలో పెరిగి, పలాసలో ప్లీడరుగా స్థిరపడ్డ మనిషి. నేను జూనియర్‌గా చేరిన రోజున ఇన్సూరెన్సు కంపెనీ వారి తిరస్కరణ ఉత్తరం చేతికిచ్చి, నిలబడి గట్టిగా చదవమన్నారు. కూర్చుని చదివితే కోపం రాదట. వచ్చిన కోపాన్ని అరిచి వృథా చేయకూడదని, కాగితం మీద పెట్టాలని నేర్పారు. డాక్టరు ఉప్పు మానమన్నప్పుడు మాత్రం అందరినీ తిట్టారు. క్యారేజీ మూత తీసి, "ఉప్పుమడిలో పెరిగినోడికి ఉప్పు నేని కూరేటమ్మా?" అని నన్ను నిలదీసేవారు.

ఆ చివరి కేసు సోంపేట దగ్గర తీరంలో చేపల వేటకెళ్లే ఒకాయనది. జీవిత బీమా తీసుకున్న రెండో ఏడే కిడ్నీలు పాడై చనిపోయాడు. పాలసీకి ముందు ఊళ్లో వైద్య శిబిరంలో రక్తం ఇచ్చాడు, రిపోర్టు తెచ్చుకోలేదు. మావైపు అది మామూలే. అందులో ఏముందో తెలిస్తే ఆ క్షణం నుంచే రోగులమైపోతామని భయం. కంపెనీ శిబిరం రికార్డు చూపించి, జబ్బు తెలిసే దాచాడంటూ అతని భార్యకు మొండిచెయ్యి చూపింది. మూడేళ్లు దాటిన పాలసీనైతే ఇలా తిరగదోడటానికి చట్టం ఒప్పుకోదు. ఇతను ముందే పోయాడు. కాబట్టి అతనికి తెలుసా, తెలియదా అన్నదే మిగిలింది.

ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు వీడియోలోనూ వాదించవచ్చు. ఆ కేసు వాదనల రోజు మా సీనియర్ డయాలసిస్ కుర్చీలో ఉన్నారు. వాయిదా అడుగుదామంటే కసిరారు. ఫోన్ నేను పట్టుకున్నాను. ఉద్దానం మనిషికి తన కిడ్నీల సంగతి తెలియకుండా ఉంటుందా అన్నాడు కంపెనీ లాయరు. మా సీనియర్ నా చెయ్యి పట్టి ఫోన్‌ను మిషన్ వైపు తిప్పించారు.

"అయ్యా, నాను లాయర్ని. ఇలాంటి కేసులే సూత్తాను. రగతం నానూ ఇచ్చాను, రిపోర్టుకి నానూ ఎల్లనేదు. కాళ్లు వాసేదాకా నాకే తెల్దు. ఉద్దానంలో బతకడం దాసిన రోగం కాదండి."

అది సాక్ష్యం కిందికి రాదని కమిషన్ అధ్యక్షులు మెల్లగా గుర్తు చేశారు.

"రాదండి. తెలిసి దాసేడని సాక్ష్యం సూపించాల్సింది కంపెనీ" అని వెనక్కి వాలారు.

ఆయన పోయిన తర్వాతి వారం తీర్పు వచ్చింది. గెలిచాం. ఆయనకు చెప్పలేకపోయానన్న బాధ నన్ను వదలడం లేదు. కంపెనీ అప్పీలుకు వెళ్తుందట. వెళ్లనీ, అక్కడా నేనే ఉంటాను. నా కోపాన్ని పనికొచ్చేలా మలిచిన మనిషి ఆయన.

ఆయన దుప్పటి ఉండిపోయిందంటే డయాలసిస్ కేంద్రానికి వెళ్లాను. ఆ కుర్చీలో అప్పుడే ఇంకెవరో ఉన్నారు. పక్క కుర్చీలోని కొబ్బరి రైతు నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు వాదనంతా విన్నాడట. తన ఆరోగ్య బీమా క్లెయిమునూ అలాగే తిప్పి పంపారని చెప్పి, "నా కేసు నువ్వు సేత్తావేటమ్మా?" అన్నాడు.

సంచిలోంచి వకాలతు కాగితం తీసి, అట్ట మీద పెట్టి పట్టుకున్నాను. అతని కుడిచేతికి సూదులున్నాయి. రేపు సంతకం కలవలేదని కూడా కంపెనీవాళ్లు అంటారేమో. అననీ. పక్కన మిషన్ తిరుగుతూనే ఉంది, అతను ఎడమచేత్తో, వంకరటింకరగా, ఇంటిపేరుతో సహా రాస్తున్నాడు.