ఆకుపచ్చ మూతలతో ముత్తియాల్‌పేటకు

నెల్లూరులో పొద్దున ఆరున్నరకు రైలెక్కేటప్పటికి నా చేతిసంచిలో రెండు ముఖ్యమైన వస్తువులున్నాయి. ఒకటి, చారలు పడిన డజను ఆకుపచ్చ మూతలు. రెండోది, నేనే టైపు చేయించి సంతకం పెట్టిన ఉత్తరం. ఇకమీదట మా డెయిరీ పెరుగు డబ్బాలకు మూతలు మీ దగ్గర కొనము అన్నది అందులోని సారాంశం. పోస్టులో వేస్తే పని అయిపోయేది. కానీ ఆ ఉత్తరం అందుకోవలసింది కుప్పుస్వామి నాయుడు మామ. ఇరవై ఏళ్ల కిందట డిప్లొమా కాగితం తప్ప ఏమీ లేకుండా పాండిచ్చేరిలో దిగిన నన్ను, తన చిన్న ప్లాస్టిక్ వర్క్‌షాపులో ఏడాదిపాటు ఉంచుకుని రంగు కలపడం నేర్పిన మనిషి. ఆయనకు పోస్టులో పంపడానికి చెయ్యి రాలేదు.

మూత మీద చారలుంటే కొంపేం మునిగిందని మీరు అడగవచ్చు. రంగు సమంగా కలవలేదంటే ఎక్కడో రంగుపొడి ముద్దగా మిగిలిపోయిందని అర్థం. తినే వస్తువు మీద పెట్టే మూతకు అది పనికిరాదు. పైగా ఆ చారలు చూస్తే కొనేవాళ్లకు లోపలి పెరుగు మీదే అనుమానం వస్తుంది. మా దుకాణాల వాళ్లు అప్పటికే డబ్బాలు వెనక్కి పంపుతున్నారు.

పదింటికి మద్రాసు. అక్కడినుంచి సిటీ బస్సులో కోయంబేడు. పదకొండుంబావుకు సముద్రం పక్కరోడ్డు మీద వెళ్లే బస్సు దొరికింది. టికెట్టు అరవై రూపాయల లోపే. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం కనబడుతూ పోతుంది. ఊరి పేరును పుదుచ్చేరి అని మార్చిన మరుసటి ఏడాది అది. అయినా కండక్టరు మాత్రం 'పాండి, పాండి' అనే అరుస్తున్నాడు. ఆ కేక విని నాకు ప్రాణం లేచి వచ్చింది.

నేను ఒక మూత చేతిలో పట్టుకుని ఆఫీసుకు ఫోను చేసి మాట్లాడటం విని, పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నావైపు తిరిగింది.

"తెలుగోళ్లా? యాడికి పోతా ఉండారు?"

చెప్పాను. ఆవిడది పాండి దగ్గర ఏంబలం, వ్యవసాయం. "మాకూ ఇంట్లో తెలుగే. చదవను రాయను మాత్రం ఎవురికీ రాదు," అంది. నా చేతిలోని మూత తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నడిమధ్య నుంచి అంచుల దాకా ముదురాకుపచ్చ చారలు.

"బాగుండాదే. చీర అంచు మాదిరి. దీన్నా వొద్దంటా ఉండారు?"

మూత తిరిగి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

మూడు గంటలకు దిగాను. నేరుగా మామ వర్క్‌షాపు ఉన్న ముత్తియాల్‌పేట వెళ్లవలసినవాణ్ణి, పిరికితనం కొద్దీ బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. రెండు వందల యాభై, ఫ్యాను తిరుగుతుంది, దోమలు ఉచితం. సాయంత్రం నడుచుకుంటూ ఊళ్లోనే ఉన్న ఉప్పళం వెళ్లాను. నేను అద్దెకున్న మేడగది అలాగే ఉంది. కింద సోడాలమ్మిన కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోను రీఛార్జి కార్డులు అమ్ముతున్నారు. ఆ మెట్ల మీద కూర్చుని గోళ్ల సందుల్లోని ఆకుపచ్చ రంగును ఎన్నిసార్లు తోముకున్నానో. అప్పుడు చిరాకుపడేవాణ్ణి. ఇప్పుడు నా గోళ్లు ఎంత తెల్లగా ఉన్నాయో చూసుకుంటే దిగులేసింది.

మొదటిరోజు చేసిన తప్పు అక్కడే గుర్తొచ్చింది. ప్లాస్టిక్ గింజలను డ్రమ్ములో పోసి, ముందు చెంచాడు తెల్లనూనె వేసి దొర్లించాలి. గింజలన్నీ తడి అయ్యాక, పొడిని గుడ్డలో జల్లించి వేసి మళ్లీ దొర్లించాలి. నేను తొందరపడి పొడి ముందు వేశాను. సగం పొడి డ్రమ్ము గోడకు అతుక్కుపోయింది. మామ ఒక్క మాట తిట్టలేదు. తెల్లగుడ్డతో డ్రమ్ము లోపల తుడిచి, ఆకుపచ్చగా మారిన ఆ గుడ్డను నా చేతిలో పెట్టాడు. "దీన్ని రేపు తీసుకోని రా," అన్నాడు. ఉతకమన్నాడనుకుని రాత్రంతా ఉతికాను. మరుసటి రోజు చూసి నవ్వాడు. "ఎంత రంగు పోయిందో చూసుకోమని ఇచ్చినా, ఉతకమన్లేదు."

మర్నాడు ఎనిమిదింటికి ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. ముత్తియాల్‌పేట సందులు అంతే ఇరుకు. వర్క్‌షాపు రేకుల తలుపు అదే. లోపల రెండు మిషన్లు. మామకు డెబ్బై దాటి ఉంటాయి, బాగా చిక్కిపోయాడు. మిషన్లు చూసుకుంటున్నది ఆయన కూతురు సెల్వి. నేనున్నప్పుడు పలక పట్టుకుని తిరిగే పిల్ల.

"వొచ్చినావా సీనూ," అన్నాడు మామ. "యాడ దిగినావు?"

"లాడ్జిలో మామా. నిన్న సాయంత్రమే వచ్చాను."

"మా ఇంట్లో చాప లేదా?"

మూతలు తీసి బల్ల మీద పెట్టాను. ఉత్తరం సంచిలోనే ఉండిపోయింది.

ఆయన ఒక మూతను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పెట్టి చూశాడు. "తెలుసురా. రెండు నెలలుగా ఇట్టనే వొస్తా ఉండాయి. పొడిని మూడుమార్లు జల్లించినా. గుడ్డ మార్చినా. యాడ తప్పు చేస్తా ఉండానో తెలవలా." మూతను బల్ల మీద పెట్టి అన్నాడు, "చేతికి వయసైపోయింది. నీ మూతలు పోతే ఒక మిషనుకి గోనెపట్టా కప్పాల్సిందే. అది పోతే పోనీ. ఈ చేతులతో ఇంక రంగు ముట్టకూడదని అనుకొంటా ఉండా."

సెల్వి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ మాట నాకు సూటిగా గుండెలో తగిలింది. నా ఉత్తరం మాట అటుంచి, ఈయన తన చేతుల మీదే నమ్మకం వదులుకుంటున్నాడు.

"ఒక్కసారి నా ముందు కలపండి మామా," అన్నాను.

కలిపాడు. గింజలు, నూనె, దొర్లించడం, జల్లించిన పొడి, మళ్లీ దొర్లించడం. డ్రమ్మును మునుపటికంటే నెమ్మదిగా తిప్పాడు, కానీ వరస తప్పలేదు. గింజలు తీసేశాక నేను తెల్లగుడ్డ అడిగి తీసుకుని డ్రమ్ము లోపల తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది. పొడంతా గింజలనే పట్టుకుంది. ఆ గుడ్డను ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"అట్టయితే చారలు యాడినుంచి వొస్తా ఉండాయి?"

సెల్వి ఆ గింజలనే మిషనులో పోసింది. మొదటి మూత బయటికి వచ్చింది. చారలు.

సెల్వి టీ తెచ్చి ఇచ్చింది. నేను పాత అలవాటుగా మిషను పక్కనే నిలబడి తాగుతున్నాను. నా రోజుల్లో అచ్చు మూసుకున్నాక తెరుచుకునేలోపు తాపీగా మూడు గుక్కలు తాగేవాణ్ణి. ఇప్పుడు ఒక్క గుక్క మింగేలోపే మూత దబ్బున పడింది. ఇంకో గుక్క, ఇంకో మూత.

"సెల్వీ, మిషను ఇంత వేగంగా పెట్టారేం?"

ఆ అమ్మాయి కొంచెం తడబడి, మిషను వెనక గోడ వైపు చూపించింది. అక్కడ టేపుతో అంటించిన ఫ్యాక్సు. వేసవి వస్తోంది కాబట్టి రోజుకు రెట్టింపు మూతలు కావాలని మా కంపెనీ అడిగిన కాగితం. కింద నా సంతకం.

"మీరు అడిగినారు కదన్నా. అందుకే టైము తగ్గించినాం."

గింజలు కరిగాక మిషను లోపల తిరిగే మర వాటిని నింపాదిగా, బిగువు మీద పిసకాలి. అప్పుడే రంగు అంతటా సర్దుకుంటుంది. టైము తగ్గించాలంటే ఆ బిగువు వదలాలి. వదిలితే చారలే. ఈ సంగతి నాకు నేర్పింది ఈ మామే, ఈ మిషను దగ్గరే. ఆఫీసు కుర్చీలో కూర్చుని మరిచిపోయింది నేను.

"మామా, మీకు తెలుసు కదా. నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా?"

"నువ్వు అడిగినావు కదరా," అన్నాడు ఆయన మామూలుగా. "వేరే ఎవురైనా అడిగితే కాదందును. నాతో పని నేర్చుకొన్నోడు అడిగితే, తెలిసే అడుగుతాడని అనుకొన్నా. తప్పు నా చేతిదే అనుకొన్నా."

నేను నేర్చుకున్నదాని మీద ఉన్నంత నమ్మకం ఆయనకు తన చేతుల మీద కూడా లేకపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

సెల్వి పాత టైము పెట్టింది. మొదటి పది మూతలు పక్కన పారేశాం. పదకొండోది మామ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. ఒక్క చారా లేదు. తర్వాత గుడ్డకు నువ్వులనూనె అద్ది రుద్దాడు. రంగు అంటలేదు. అప్పుడు ఆయన తన రెండు చేతులు ఒకసారి చూసుకున్నాడు.

"తప్పు మీది కాదు మామా. నాది."

"ఇంకొంచం గట్టిగా చెప్పరా, సెల్వి వినాల," అన్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాను.

అక్కడినుంచే మా యజమానికి ఫోను చేశాను. తప్పు నాదని చెప్పాను. ఈ వేసవికి సగం మూతలు రంగులేనివి వేరేచోట కొందాం, మిగతా సగం ఇక్కడే పాత వేగంతో చేయిద్దాం అన్నాను. ఆయన విసుక్కున్నాడు, కాసేపు తిట్టాడు, చివరికి సరేనన్నాడు. మధ్యాహ్నం సెల్వి చేసిన చేపలపులుసుతో తిన్నాను. బయల్దేరుతుంటే సంచిలోని కవరు మామ కంటపడింది.

"ఆ కవరు ఏందిరా?"

"ఆఫీసు కాగితం మామా. పనికిరాదు."

రెండున్నర బస్సులో ఈసారి కుడివైపు, సముద్రం వైపే సీటు దొరికింది. కవరు చింపి, ఉత్తరం వెనకవైపు మా ఆఫీసుకు ఇవ్వాల్సిన రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో తప్పు చేసినవాడిగా నా పేరు రాసుకున్నాను. బయల్దేరేటప్పుడు మామ ఇచ్చిన పదకొండో మూత జేబులో ఉంది. నేనేదో తెలిసినవాణ్ణని కంపెనీ జీతమిస్తోంది. నాకు తెలిసిందంతా ఆ ఇరుకు సందులో నేర్చుకున్నదేనని ఈ ప్రయాణంలో మళ్లీ తెలిసింది. మూత తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను.

"ఏం చూస్తా ఉండారు సార్ ఇంత సేపట్నుంచి?" అన్నాడు పక్కనున్నాయన.

ఇచ్చాను. ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక్కి ఇచ్చేశాడు.

"ఇందులో ఏముండాది? ఒట్టి పచ్చమూత."

"అంతేనండి," అన్నాను.