మావయ్య ఎంచిన విమానం

విమానం నడపడం నేర్చుకుంటానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు, ఒక్క మావయ్య తప్ప. మండపేటలో రైసు మిల్లు ఆయనది. "నేర్చుకోవే అమ్మాయ్, విమానం నేను కొంటా" అన్నాడు. ఆ మాట పట్టుకునే రాజమండ్రిలో లెక్చరర్ ఉద్యోగానికి సెలవు పెట్టి, పొరుగు రాష్ట్రంలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చేరాను.

అది తొందర కోర్సు. నెలల తరబడి నేర్పాల్సింది వారాల్లో కుక్కేస్తారు. పైలట్ ట్రైనింగంటే నీలాకాశమూ మబ్బులూ అనుకునేవాళ్లకి ఒక దండం! ఆ డబ్బా విమానంలోకి ఎక్కగానే ముందు తగిలేది కంపు. నాకన్నా ముందు కూర్చున్నవాడి చెమట, ఎవరో కక్కితే సరిగ్గా కడగని మ్యాట్టు, అందరి తలనూనె పీల్చుకుని జిడ్డు కారే హెడ్‌ఫోను. అది చెవులకి తగిలించుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరించేది. మాస్టారు జర్దా కిళ్లీ నములుతూనే నా మీద అరిచేవారు, ఆ తుంపర్లు నా చెంప మీద. మొదట్లో రోజూ వాంతులే. అయినా మానలేదు. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజు నాకు ఏ కంపూ తెలియలేదు. శుభ్రంగా ఉంచుకునే సొంత విమానం ఒకటుండాలి, అందులో గోదావరి మీదుగా సముద్రం దాకా నేనే వెళ్లి రావాలి. నాకున్న కోరికల్లా అదొక్కటే.

లైసెన్సు వచ్చింది. మావయ్య మాట తప్పలేదు, కానీ విమానం ఎంచే పని నాకు వదల్లేదు. ఇంజను ఎంత కాలం తిరిగింది, రిపేర్లేం జరిగాయి అని నేనడుగుతుంటే, రంగు బాగుందా, నంబరు కలిపితే ఎంతొస్తుంది అని ఆయన. చివరికి పక్క జిల్లాలో, మూతబడిన ఫ్యాక్టరీ వాళ్ల పాత రన్‌వే మీద ఒక రెండు సీట్ల సెకండ్‌హ్యాండ్ విమానం కుదిర్చాడు. తెల్లగా మెరిసిపోతోంది. నంబరు కూడా కలిసిందట.

చూడ్డానికి వెళ్లిన రోజే ముహూర్తం పెట్టేశాడు. నేనింకా సరేననలేదు మొర్రో అన్నా వినలేదు. అత్తయ్య, పురోహితుడు, కొబ్బరికాయలు, గుమ్మడికాయ, అన్నీ ఇన్నోవాలో దిగాయి. నేను చుట్టూ తిరిగి తనిఖీ చేశాను. సీటు వెనక ఎలుక పెంటికలు. ఛీ! "క్లీన్ చేయించి ఇస్తామండి" అన్నాడు అమ్మేవాడు నవ్వుతూ. ఇంజను మాత్రం బాగానే పలికింది. సరే, ఒకసారి ఎగిరి చూద్దామని వాణ్ని పక్కన పెట్టుకుని బెల్టు బిగించాను.

"ఆగమ్మా, బొట్టు పెట్టకుండా ఎలాగ!" అంటూ అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. విమానం ముక్కుకి కుంకుమ పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. రెక్క కిందకీ వెళ్లింది, అక్కడేం చేసిందో నాకు కనబళ్లేదు.

నిమ్మకాయలు చితికాయి. రన్‌వే మీద ఫుల్ పవర్ ఇచ్చాను. వేగం చూపించే ముల్లు సున్నా దగ్గరే ఉంది. చెట్లు మీదకొచ్చేస్తున్నాయి, ముల్లు కదలదు. "పర్లేదండి, పైకెళ్తే తిరుగుద్దండి" అన్నాడు పక్కవాడు. పైకెళ్తే! పవర్ తగ్గించేసి బ్రేకు తొక్కాను. విమానం ఒక పక్కకి ఈడ్చుకుపోయి తుప్పల ముందు ఆగింది. చచ్చి బతికాను.

దిగి చూస్తే, రెక్క కింద ముందుకి పొడుచుకొచ్చిన సన్నని గొట్టం నిండా ముద్ద పసుపు. ఎదురుగాలి అందులోకి దూరితేనే ఆ ముల్లు కదిలేది. "చిన్న కొమ్ములా ముద్దుగా ఉంటేనూ..." అని నసిగింది అత్తయ్య. ఒళ్లు మండిపోయి ఆ పసుపు గీకుతుంటే, పక్కనే కొత్త రంగు నా గోటికి పెచ్చులా ఊడొచ్చింది. లోపల్నుంచి తెల్లటి పొడి రాలింది. అల్యూమినియం రేకుని లోపల్లోపలే తుప్పు తినేస్తోంది. దాన్ని సున్నం కొట్టినట్టు రంగేసి కప్పెట్టి, నన్ను ఎక్కించాడు వెధవ!

"ఇది వద్దు మావయ్యా" అన్నాను.

"పూజ చేసిన బండిని వదిలేస్తే ఇంటికి అరిష్టమే."

"ఇది ఎగిరితే నేను చస్తాను."

మావయ్య విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూశాడు. పాపం, భయపడ్డాడనుకున్నాను.

"అయితే ఎగరొద్దులే" అన్నాడు తాపీగా. "మిల్లు ముందు పెట్టుకుందాం."

పెట్టుకున్నాడు. సిమెంటు దిమ్మల మీద, సీరియల్ లైట్లతో. పక్కనే నల్ల కళ్లద్దాల్లో నా బొమ్మతో ఫ్లెక్సీ. ధాన్యం తెచ్చిన లారీల వాళ్లు దాని ముందు సెల్ఫీలు దిగుతారు, రెక్కల మీద పావురాలు రెట్టలేస్తాయి. ఎగరకపోతే లైసెన్సు ఉండీ లేనట్టే. ఆ మాటే మొన్న మావయ్యతో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, చిన్నదైనా సరే, ఎగిరేది ఒకటి చూద్దామని.

"ఇంకోటెందుకే?" అన్నాడు. "ఉందిగా ఒకటి!"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.