తుమ్మెద సారు

వెంకట్రాజం గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎదుట మనిషి కనబడితే చాలు, కళ్ళు మూయించి, చెవులు మూయించి, తుమ్మెదలాగా ఝుమ్మనిపించాలి. మనిషి ఎవరైనా సరే, వేళ ఏదైనా సరే. బొటనవేళ్ళతో చెవులు, మిగతా వేళ్ళతో కళ్ళు మూసుకుని, నోరు తెరవకుండా "మ్..." అంటూ గాలి వదలాలి. దాన్ని భ్రామరీ ప్రాణాయామం అంటారని ఆయనే చెప్పేవాడు. మాకు అంత పేరు నోరు తిరిగేది కాదు. మాకది తుమ్మెద, ఆయన తుమ్మెద సారు.

ఆయనేమీ పుట్టు యోగి కాదు. వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం ఆయనది. ఏ యోగా శిబిరంలో అంటుకుందో గాని, బిందె బేరమాడే వాళ్ళను కూడా ఈ తుమ్మెద వదిలేది కాదు. "అమ్మా, జర కండ్లు మూసుకో. మనసు నిమ్మళమైతది. అటెన్క బేరమాడుదం" అనేవాడు. మనసు నిమ్మళమైన వాళ్ళు లేచి పక్క దుకాణానికి పోయేవారు. చివరకు కొడుకులు దండం పెట్టి, "నాయినా, నువ్వు ఇంట్ల కూసో" అన్నారు. ఇంట్లో అనసూయమ్మ గారి బాధ ఆమెది. "పప్పుల ఉప్పెక్కువైందని నోరు తెరిచి అనడు. కండ్లు మూసుకొని ఝుమ్మంటడు. నేనేం సమజ్ చేసుకోవాలె?" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

అటు దుకాణానికీ ఇటు ఇంటికీ పనికిరాని మనిషిని డాక్టర్ నిర్మల గారు పిలిచి పని ఇచ్చారు. ఎనభైలలో ఆమె హసన్‌పర్తిలో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని తాగుడు మాన్పించే కేంద్రం పెట్టారు. కల్లుకూ సారాకూ బానిసలైన వాళ్ళు నెలో రెండు నెలలో అక్కడే ఉండాలి. మందులు, తిండి, మాటలు, పొద్దునా సాయంత్రం యోగా. నేను అక్కడ కాంపౌండర్‌ని. పేరు మల్లికార్జున్. గోలీలు ఇవ్వడం నా ఉద్యోగం, నాకు సంబంధం లేని సంగతులన్నీ తెలుసుకోవడం నా స్వభావం.

కొత్తవాడలో నేసిన జంపఖానాలు పరిచి కూర్చోబెడితే మొదట్లో అందరూ గొడవే. కొమురెల్లి అని ఒక లారీ డ్రైవరు, "సారూ, నేను కల్లు మానుతందుకచ్చిన. సర్కస్ల చేరుతందుకు రాలే" అన్నాడు.

"ఊపిరి మీద మనసు పెట్టు బిడ్డా."

"నా మనసు సీస మీదికే పోతాంది సారూ."

"పోనీ. పోయినప్పుడల్లా తోల్కరా. తిట్టకు, కొట్టకు. మేకపిల్లను తోల్కచ్చినట్టు మెల్లగ తోల్కరా."

మొదటిరోజు కొమురెల్లి మేకపిల్ల అసలు ఇంటికే రాలేదు. నెల తిరిగేసరికి ఒక పొద్దున కళ్ళు తెరిచి, "సారూ, ఇయ్యాల మేక దొడ్లెనే ఉన్నది" అని అరిచాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఇదంతా బాగానే ఉంది. నాకు అంతుపట్టనిది ఒక్కటే. పొద్దునా సాయంత్రం తుమ్మెద సరే, వేళ కాని వేళ తుమ్మెద ఎందుకు? అందరూ అన్నానికి కూర్చుంటే తుమ్మెద. చాయ్ వచ్చిందంటే తుమ్మెద. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక ఆఫీసరు చూడ్డానికి వచ్చాడు. మా వాళ్ళ మధ్యే కూర్చోబెట్టి అందరికీ చాయ్ ఇచ్చాం. ఆయన కప్పు ఎత్తబోతుంటే వెంకట్రాజం గారు అడ్డం వచ్చాడు.

"సార్, జర కండ్లు మూసుకోండ్రి."

"ఎందుకు?"

"ముందుగాల మూసుకోండ్రి. ఎందుకో అటెన్క మీకే ఎరుకైతది."

అంత పెద్ద ఆఫీసరు మా రోగుల నడుమ కూర్చుని ఝుమ్మన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆయన చాయ్ మీద మీగడ కట్టింది. ఎందుకో మాత్రం ఎరుక కాలేదు. ఆయనకే కాదు, నాకూ కాలేదు. నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు.

జవాబు వంటమనిషి చిలుకమ్మ దగ్గర దొరికింది. "సారు పొడుం పీలుస్తాండు. మీరు కండ్లు మూసుకోంగనే ఆయన పని ఆయన చేసుకుంటాండు. అనుమానముంటే దస్తీ చూడుండ్రి" అంది. చూశాను. ఆయన జేబులోని తెల్లటి దస్తీ మీద నిజంగానే గోధుమరంగు మరకలు! మా కేంద్రంలో బీడీ, జర్దా, పొడుం, అన్నీ బంద్. మాన్పించే వాడే ముక్కుపొడి పీలిస్తే ఇంకేముంది! సంగతి డాక్టరమ్మ దాకా పోయింది. "నిజమో కాదో చూసి చెప్పు మల్లికార్జున్" అన్నారు ఆమె. నా స్వభావం మొదటిసారి నా ఉద్యోగంలో భాగమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరిపెడ దిక్కు నుంచి కట్టయ్య అనే రైతు వచ్చి చేరాడు. మనిషి మెత్తన. ఏళ్ళ తరబడి మత్తుమందు కలిపిన కల్లు తాగి తాగి, అది మానగానే చేతులు వణకడం మొదలైంది. అరచేతిలో గోలీ పెడితే గోలీ చిందులేసేది. మెల్లగా తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పినా అతనికి ధైర్యం చిక్కలేదు. ఆదివారం అతని భార్య సమ్మమ్మ, ఆమె తమ్ముడు మొండయ్య చూడ్డానికి వస్తున్నారు. బావ బాగుపడే జాడ కనబడకపోతే అక్కనూ పిల్లలనూ తన ఊరికి తీసుకుపోతానని మొండయ్య ముందే కబురు పెట్టాడు.

శనివారం చూస్తే కట్టయ్య సంచి సర్దుకుంటున్నాడు.

"ఏంది కట్టయ్యా, యాడికి?" అన్నాడు వెంకట్రాజం గారు.

"పోత సారూ. రేపు బామ్మర్ది ముందట చాయ్ పెడ్తరు. వద్దంటె మర్యాద గాదు. తాగుదమంటె చేతులు ఆగయి. మీద ఒలకబోసుకున్ననంటె వాళ్ళక్కను తోల్కపోతడు. గది నా కండ్లతోని చూడలేను."

"ఇప్పుడు పోతే ఏమైతది?"

"ఏమైతది. సీద కల్లు దుకాణానికే పోత." పాపం, ఉన్నమాట చెప్పాడు.

"రేపు చాయ్ తాగి పో. ఫికర్ జేయకు" అని వెంకట్రాజం గారు సంచి తీసి మూలకు పెట్టాడు.

ఆదివారం మొండయ్య వచ్చాడు. వయసులో చిన్నవాడే గాని మీసాలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. వెనక సమ్మమ్మ, కొంగు పట్టుకుని పిల్లలు. చిలుకమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. గదిలో ఉన్న అందరి చూపూ కట్టయ్య చేతుల మీదే. అతను చేతులు రెండూ తువ్వాల కింద దాచుకున్నాడు.

"తాగు బావా, చల్లగైతాంది" అన్నాడు మొండయ్య.

కట్టయ్య మూలనున్న సంచి వైపు చూశాడు. లేచిపోతాడేమోనని నాకు గుబులు పట్టింది.

"అందరు జర కండ్లు మూసుకోండ్రి" అన్నాడు వెంకట్రాజం గారు.

"నేనెందుకు? నేనేమన్న తాగుబోతునా?" అన్నాడు మొండయ్య.

"నీకు ఊపిరి ఆడుతాంది గద బిడ్డా?"

"ఆడుతాంది."

"గదే సాలు. చెవులు గూడ మూసుకో."

మొండయ్య మూసుకున్నాడు. సమ్మమ్మ, పిల్లలు, కొమురెల్లి, గుమ్మంలో నిలబడ్డ డాక్టరమ్మ, చిలుకమ్మ, అందరూ మూసుకున్నారు. ఇల్లంతా ఝుమ్మంది. నేను రెండు వేళ్ళు ఎడం చేసి, ఒక చెవి వదులు చేశాను.

వెంకట్రాజం గారు లేచి వచ్చి కట్టయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. చాయ్ సాసర్లో పోసి నోటికి అందించాడు. కట్టయ్య పళ్ళు సాసర్‌కు కటకట తగులుతున్నాయి. ఒక గుటక, ఇంకో గుటక. గడ్డం మీద కారింది దస్తీతో తుడిచాడు. తాను లేచినట్టు ఎవరికీ తెలియకూడదని అంతసేపూ నోటితో "మ్..." అంటూనే ఉన్నాడు. ఊపిరాడక మొహం ఎర్రబడింది గాని తుమ్మెద ఆగలేదు.

పొడుమూ లేదు, పాడూ లేదు. దస్తీ మీదవి చాయ్ మరకలు. అన్నాల వేళ తుమ్మెదా, ఆఫీసరు ముందు తుమ్మెదా ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎవరివో చేతులు వణికిన వేళలవి. ఆ ముసలాయన మీద నాకు పట్టరానంత ప్రేమ పుట్టింది.

చూపు పక్కకు తిప్పితే సమ్మమ్మ వేళ్ళ సందున ఒక కన్ను. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ పక్కన మీసాల పైన ఇంకో కన్ను, అది మొండయ్యది! మా చూపులు కలిశాయి. "నువ్వు మూసుకో" అన్నట్టు నన్ను ఉరిమి చూసి తానూ గట్టిగా మూసుకున్నాడు.

"మెల్లగ తెరువుండ్రి" అనే సరికి వెంకట్రాజం గారు తన చోట ఆయాసపడుతూ కూర్చుని ఉన్నాడు. కట్టయ్య ముందు ఖాళీ కప్పు ఉంది. మొండయ్య దాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"చాయ్ మంచిగ తాగినవు బావా" అన్నాడు. "అక్కా, మనం మల్ల ఐతారం వద్దాం."

వాళ్ళు వెళ్ళాక కట్టయ్య సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసుకున్నాడు. అది చూసి నేను లోపలికి వెళ్ళాను.

"పొడుమేనా?" అని అడిగారు డాక్టరమ్మ.

తెలిసిన సంగతిని మింగేయడం నా జన్మలో అదే మొదలు. "కండ్లు మూసుకున్న మేడం. ఏం కనబడ్తది?"

"అవును. నాకూ ఏం కనబడలేదు" అన్నారు ఆమె. తర్వాత మెల్లగా, "కట్టయ్యకిచ్చే సాసర్ అంచు పగిలింది, పెదవి కోసుకుంటుంది. మంచిది తీసివ్వు" అన్నారు.

వంటింట్లోకి పోతే చిలుకమ్మ అప్పటికే అంచు పగలని సాసర్ ఒకటి తోమి వేరుగా పెట్టింది. నన్ను చూసి, "నాకేం తెల్వదు. నేను గూడ కండ్లు మూసుకున్న" అంది. ఆ రోజు ఆ ఇంట్లో నిజంగా కళ్ళు మూసుకున్నవాడు కట్టయ్య ఒక్కడే.

కొన్ని ఆదివారాలు గడిచాక కట్టయ్య తన సాసర్ తానే పట్టుకుని తాగాడు. ఒక్క చుక్క ఒలకలేదు. పిల్లలు నవ్వారు, సమ్మమ్మ నవ్వింది. ఆ సంగతి మొండయ్యకు మాత్రం ఆలస్యంగా తెలిసింది. చాయ్ వచ్చీ రాగానే ఎవరూ చెప్పకుండానే చెవులు మూసుకుని, రెండు కళ్ళూ మూసుకుని, ఇల్లు అదిరేలా ఝుమ్మంటూ కూర్చున్నాడు.