గుమ్మడికాయంత అక్షరం

మా దేవీప్రసాద్‌కి అక్షరం గుమ్మడికాయంత అయితే తప్ప కంటికి ఆనదు. పాడేరు బస్టాండు దగ్గర అతనిది నెట్ సెంటరు, పక్కనే నాది గొడుగుల కొట్టు. ఇక్కడ ఆర్నెల్లు వాన, ఆర్నెల్లు మంచు. ఆ దిగులు చాలదన్నట్టు పక్కన ఇతనొకడు.

ఒక పేజీ దరఖాస్తు పట్టుకెళ్తే అతని తెర మీద పద్దెనిమిది పేజీలవుతుంది. ఊరికే దొరికే సాఫ్ట్‌వేరట. దాని లోపలి రాత ఎవరైనా మార్చుకోవచ్చట. ఇతను మార్చాడు. ఆఖరి పేజీ దాకా వెళ్తే గాని ప్రింటు బొత్తాం కనబడదు.

"బస్సెల్లిపోతంది, బేగి తియ్యరా నాయనా!" అని ఓసారి నేనే కాళ్లావేళ్లా పడ్డాను.

"ఇంకో పదకొండు పేజీలే బాబాయ్," అన్నాడు. బస్సు పోయింది, పెళ్లి భోజనం పోయింది. ఆ కోపం నాకింకా ఉంది.

మొన్న శ్రావణంలో వారం రోజులు ఎండ మొహం చూడలేదు. ఆ ముసురులో నేను నెట్ సెంటర్లో కూర్చునుండగా కామేష్ అనే మిరియాల బేరగాడు, జి.మాడుగుల అవతలి కొండ నుంచి రాజులమ్మను వెంటబెట్టుకొచ్చాడు. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారమల్లా తోటలోని మిరియాల పాదులే.

"మొక్కల సబ్సిడీ కాయితం. ప్రింటు తీత్తే ఏలిముద్ర ఏసేత్తాది," అంటూ కామేష్ ఫోన్లోంచి పంపాడు.

దేవీప్రసాద్ అక్షరాలు పెంచేసి, తెర ఆమె వైపు తిప్పాడు.

"ఆయమ్మకేటి సదువొచ్చు?" విసుక్కున్నాడు కామేష్.

"పొదుపు సంఘంలో నేర్సుకున్నాను. అచ్చరం పెద్దదైతే సదవగల్ను," అని రాజులమ్మ తెర మీద వేలు పెట్టి కూడబలుక్కోవడం మొదలెట్టింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద చదువు సాగింది. లేచి నా కొట్టుకి పోదామంటే నన్ను వాన వదల్లేదు.

తొమ్మిదో పేజీలో వేలు ఆగింది. "నా తోట... మిరియాల కాపు... పన్నెండేళ్లు... కామేష్‌కే..."

ఆమె దేవీప్రసాద్ వైపు తిరిగింది.

"ఈ మాట నాను సెప్పినానా బాబూ?"

"నాకేటి తెలుసు పిన్నీ? ఇంకా తొమ్మిది పేజీలున్నాయి, సదువు," అన్నాడు దేవీప్రసాద్.

కామేష్‌కి ఆ చలిలోనూ చెమట పట్టింది. జీపు మాట్లాడొస్తానని గుమ్మం దిగినవాడు మరి రాలేదు. ఇన్నాళ్లూ దేవీప్రసాద్‌కి చూపు ఆనదనుకున్నాను. నాకు సిగ్గేసింది.

ఆఖరి పేజీ వచ్చింది. ప్రింటు బొత్తాం వచ్చింది. దాని పక్కనే వేలిముద్ర గడి.

"ఆ గడి కూడా పెద్దది సెయ్యి," అంది రాజులమ్మ.

చేశాడు. తెరంతా ఒకటే గడి. ఆమె దాన్ని తీరిగ్గా, ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసి లేచింది.

"ఖాళీగానే బాగున్నాది బాబూ. అలగే ఉంచు."